ఎవురి కాలు బాగలేదు

ఆరో మ్యాచ్ కూడా పాయె. చిత్తూరులో, ఆడి కాలేజీ బాస్కెట్‌బాల్ గ్రౌండులో, పందొమ్మిది పాయింట్ల తేడాతో పాయె. బస్సెక్కినాక మా టీమోళ్ళు ఏడు మందీ వెనక సీట్లలో కిటికీలకు తలలు ఆనించి కండ్లు మూసుకున్నారు. వాళ్ళు నిద్రపోలేదని అందరికీ తెలుసు. ఆ కాలేజీ పిల్లోళ్ళు కొందరు గేటుదాకా మా బస్సు వెంబడి వచ్చి, "మళ్ళీ రాండమ్మా, మీరొస్తే మాకు పండగ" అని చేతులూపినారు. నాకు ఒళ్ళు మండిపాయె. కిటికీలోంచి తల బయటపెట్టి "మీ కొంపలు గూల" అన్నాను. ఆటల పీడీ మేడం నా జడ పట్టుకోని లోపలికి లాగింది.

నేను ఆడేదాన్ని కాదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. బాల్ నా మీదికి వస్తే రెండు చేతులా మొగం మూసుకునే రకం నేను. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో అప్పుడు బీకాం మొదటి సంవత్సరం. చిత్తూరు పక్కన పల్లె మాది. హాస్టల్లో చేరిన మొదటి వారం, ఇంటిమీద బెంగతో పొద్దున్నే మెట్లమీద కూచోని ఏడుస్తా ఉంటే, బాల్ చంకలో పెట్టుకోని పోతా ఉండిన ఒక పొడుగు పిల్ల ఆగింది. "ఏడిస్తే మీ ఊరు ఈడికి నడిచి రాదు మే. వచ్చి ఆ గోడమీద కూచోని నా షాట్లు లెక్కబెట్టు" అనింది. ఆమే మా కెప్టెన్. రెండో సంవత్సరం. నేను అక్కా అని పిలిచేదాన్ని. రింగు వెనకాల ఉండే పిట్టగోడ మీద ఆ పొద్దు కూచున్నదాన్ని, సంవత్సరమంతా దిగలేదనే చెప్పాల. షాట్ వేసే ముందు అక్క ఒక్కసారి నాకల్లా చూసేది. నేను ఎన్నోదో వేళ్ళతో చూపించేదాన్ని. మ్యాచ్‌లో లెక్కబెట్టే పని లేకపోయినా ఆ చూపు మాత్రం మానలేదు.

అక్కది నగరి. ఇంట్లో మరమగ్గాలు. నాయనా పెద్దకూతురూ మగ్గాల కాడ, అమ్మ కండెలకు నూలు చుట్టేది. ఈమెను చదవను పంపించింది ఒకే ఒక కారణానికి, స్పోర్ట్స్ కోటాలో చదువూ హాస్టలూ ఊరికే వస్తాయని. "ఇచ్చినన్ని దినాలు చదువుకో, ఆపినారంటే వచ్చి కండెల దగ్గర కూచో" అని వాళ్ళ నాయన ముందే చెప్పి పంపినాడు. ఐదో మ్యాచ్ ఓడినాక ప్రిన్సిపాల్ మేడం టీమ్‌ను రూముకు పిలిపించింది. మిగిలిన నాలుగింటిలో ఒక్కటన్నా గెలవకుంటే వచ్చే సంవత్సరం బాస్కెట్‌బాల్ టీమే ఉండదు, ఆ కోటా సీట్లూ ఉండవు అనింది. తిట్టలేదంట, అరవలేదంట, కండ్లద్దాలు తుడుచుకుంటా చెప్పిందంట. అక్క బయటికి వచ్చి మాతో అనిన మాట ఒకటే.

"ఒక్కటి గెలిస్తే సాలు మే. నా మూడో సంవత్సరం గట్టెక్కుతాది."

కప్పు అడగలేదు, పేరు అడగలేదు. ఒక్క మ్యాచ్ అడిగింది, పాపం. ఆ ఒక్కటే మాకు దొరకలేదు.

మా టీమ్ గురించి ఎచ్చులు చెప్పేదానికి ఏమీ లేదు. ఏడు మందిలో ఇద్దరు ఖోఖో నుంచి పట్టుకొచ్చిన పిల్లలు. పరుగంటే పరుగే వాళ్ళది, కానీ చేతిలో బాల్ ఉండేటప్పుడు దాన్ని నేలకు కొట్టకుండా పరిగెత్తకూడదని వాళ్ళకు గుర్తుండేది కాదు. రెఫరీ విజిల్ ఊదితే తిరిగి చూసి "ఎవురు, నేనా?" అనేవాళ్ళు. మొదట్లో మా హాస్టల్ హాస్టలంతా అరిచేదానికి వచ్చేది. మూడో ఓటమికి సగం మంది రికార్డులు రాసుకోవాలన్నారు. ఐదో ఓటమికి మిగిలింది ముగ్గురం. నేను, నా రూములో ఉండే గూడూరు పిల్ల, కాలేజీ బస్సు తోలే డ్రైవర్ మామ.

డ్రైవర్ మామకు ఆట గురించి బొత్తిగా తెలీదు. "బాల్ ఆ గూట్లో పడాల, అంతే కదా పాపా" అనేవాడు. కానీ మేము ఓడితే ఆ పొద్దు ఆయన టీ కూడా తాగేవాడు కాదు. తనకూ ఇద్దరు ఆడబిడ్డలు ఉండారని, వాళ్ళను చదివించలేకపోయినాడని ఒకసారి చెప్పినాడు. బస్సు తీసే ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేవాడు. ఆ నిమ్మకాయలు గూడూరు పిల్లవే, వాళ్ళ నాయనకు ఊర్లో నిమ్మకాయల యాపారం. బస్సు గేటు దాటేటప్పుడు హాస్టల్ వంటామె బిందెడు నీళ్ళతో ఎదురొచ్చేది. మంచి ఎదురు కావాలని మేమే బతిమాలి పెట్టుకున్న ఏర్పాటు అది. బస్సు పోయినాక ఆ నీళ్ళనే ఆమె సాంబారులో పోసేది.

ఇంక మొక్కులు. కొండకింద కాపురముండి మొక్కుకోకుంటే ఎట్ల? నేను మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటా కొండెక్కుతానని మొక్కినాను. గూడూరు పిల్ల మూడు కత్తెర్ల జుట్టు ఇస్తాననింది. డ్రైవర్ మామ గుండు. "మామా, సామికి ఇచ్చేదానికి నీ నెత్తిమీద ఏముండాది?" అని గూడూరు పిల్ల ఆయన బట్టతల చూసి నవ్వితే, "చుట్టూరా ఉండాయి కదమ్మా రవ్వన్ని, సామి అవ్వే లెక్క పెట్టుకుంటాడు" అన్నాడు. ఇన్ని చేసి చిత్తూరు పోయినాము. పందొమ్మిది.

తిరిగొచ్చేటప్పుడు దోవలో టీ కోసం బస్సు ఆపినారు. టీమోళ్ళు దిగలేదు. మేము ముగ్గురం అంగడి ముందర నిలబడినాము. డ్రైవర్ మామ ఉన్నట్టుండి అన్నాడు.

"పాపా, నిమ్మకాయలు పెట్టినాం. ఎదురు పెట్టినాం. మొక్కులు మొక్కినాం. ఇంగ మిగిలింది ఒకటే. సెప్తే తప్పుగా అనుకోవద్దండి. మనలోనే ఎవురిదో కాలు బాగలేదు."

మేము నవ్వలేదు. బీకాం చదివేవాళ్ళం, ఫోన్లలో ప్రపంచమంతా చూసేవాళ్ళం, మాకు నవ్వే రాలేదు. ఐరన్ లెగ్ అని మేమూ మాటకు ముందు అనేవాళ్ళమే కదా, ఫలానా మేడం క్లాసుకొస్తే కరెంటు పోతాదని. అది ఎగతాళి. ఇది మాత్రం నిజమేనేమో అనిపించింది. ఇక్కడ నేను చేసిన పని చెప్పాల. గూడూరు పిల్ల కాలేజీలో ఆలస్యంగా చేరింది. ఆమె రాకముందు మా టీమ్ పక్క కాలేజీతో ఊరికే ఆడిన ఒక ఆట గెలిచింది. ఆ సంగతి ఎత్తింది నేనే. ఎత్తకుండా ఉన్నింటే నా నోరు పుండయ్యేదా?

ఆ పిల్ల టీ గ్లాసు కింద పెట్టేసింది. "మా నిమ్మకాయలు పనికొస్తాయి, నేను పనికిరానా?" అనింది. అని బస్సెక్కి, తిరుపతి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. కానీ ఏడో మ్యాచ్ మా కాలేజీలోనే జరిగితే, మధ్యాహ్నం తనంతట తానే రూము తలుపు లోపల గడియ పెట్టుకునింది. "అక్క అడిగితే తలనొప్పని చెప్పు. అసలు సంగతి మాత్రం చెప్పొద్దు" అనింది తలుపు అవతల నుంచి.

ఏడో మ్యాచ్ తొమ్మిది తేడాతో ఓడినాము.

తొమ్మిది! ముందర పందొమ్మిది, ఇప్పుడు తొమ్మిది. డ్రైవర్ మామ నా చెయ్యి పట్టుకోని "సూసినావా పాపా, సూసినావా!" అని ఊపేసినాడు. నేను రూముకు పరిగెత్తి గూడూరు పిల్లకు చెప్తే, ఆ పిల్ల మంచమ్మీద కూచోని ఏడ్చింది. తన కాలు చెడ్డదని తేలిపోయినందుకు ఏడ్చిందో, తేడా తగ్గినందుకు ఏడ్చిందో నేను అడగలేదు. ముగ్గురిలో ముందుగా తన కాలే బాగలేదని నమ్మింది ఆ పిల్లే.

ఇప్పుడు తెలుస్తా ఉండాది. ఆ రెండు వారాలూ అక్క పొద్దున ఐదింటికే టీమంతటినీ లేపి గ్రౌండుకు తోలుకుపోయేది. ఖోఖో పిల్లలు బాల్ కొట్టుకుంటా పరిగెత్తడం నేర్చుకున్నారు. తేడా తగ్గింది వాళ్ళ చెమటతో. గోడమీద కూచోని రోజూ చూసిన నాకే ఆ సంగతి కనపడలేదంటే, నాది కండ్లా గాజు గోళీలా?

ఎనిమిదో మ్యాచ్ గూడూరులో. సొంతూర్లో మ్యాచ్, ఆ పిల్ల రాలేదు. వాళ్ళ అమ్మ కూతుర్ని చూద్దామని కారియర్ నిండా పులిహోర పెట్టుకోని గేటు దగ్గరే నిలబడి ఉండింది. బస్సులోంచి ఒక్కొక్కరే దిగుతా ఉంటే ఒక్కొక్కరి మొగమూ చూసింది. నేను పోయి "తలనొప్పమ్మా, రాలేదు" అని చెప్తే, "ఇంత దూరం రాలేనంత తలనొప్పా? డాక్టరుకు చూపించినారా?" అని కంగారుపడింది. ఆయమ్మ చేతిలో కారియర్ తీసుకునేటప్పుడు నాకు సిగ్గేసింది. అయినా మా లెక్క మానుకోలేదు.

ఈసారి డ్రైవర్ మామ వంతు. ఆయన్ను ఎవురూ ఏమీ అనలేదు. బస్సు నీడలో పెట్టి, అద్దాలన్నీ ఎక్కించుకోని, గ్రౌండుకు వీపు తిప్పి కూచున్నాడు. నెత్తిన తువ్వాలు కప్పుకున్నాడు. ఆ ఎండలో అద్దాలెక్కించిన బస్సు ఎట్లుంటాదో తెలుసు కదా. నేనొక్కదాన్నే మెట్లమీద కూచోని గొంతు పోయేదాకా అరిచినాను. మూడో క్వార్టర్‌లో మావాళ్ళు ముందుకుపోయినారు కూడా. సామీ, సామీ అని నేను పళ్ళు కొరుక్కున్నాను. ఆఖర్న మూడు పాయింట్లతో పాయె. చేతికందింది నోటికందకుండా పాయె.

పందొమ్మిది, తొమ్మిది, మూడు. ఒక్కొక్కరు తప్పుకునే కొద్దీ తగ్గుతా వచ్చింది. ఇంక ఒక్క మ్యాచే ఉండాది. ఆట చూసేవాళ్ళలో ఒక్కరే మిగిలి ఉండారు.

గూడూరు నుంచి వచ్చిన మర్నాడు మెస్‌లో ముగ్గురం కూచున్నాము. సంగటిముద్ద ముందర పెట్టుకోని ఎవురమూ తినలేదు. వాళ్ళిద్దరూ నన్ను ఒక్క మాటా అనలేదు. గూడూరు పిల్ల పల్లెంలో ఊరిబిండి పచ్చడిని వేలితో గీస్తా ఉండింది, డ్రైవర్ మామ నా మొగం చూసి తల దించుకున్నాడు. ఆ గమ్మునుండడం నేను భరించలేకపోయినాను. "సరే, నేను పోను లే. సాలా?" అన్నాను. మామ కండ్లలో నీళ్ళు తిరిగినాయి. "కెప్టెనమ్మకు మాత్రం సెప్పొద్దు పాపా. ఇట్లాంటివి బయటికి సెప్తే ఫలం పోతాది" అన్నాడు.

ఆఖరి మ్యాచ్ దాకా ఆ నాలుగు దినాలు నేను పడింది పగోళ్ళకు కూడా వద్దు. కాలు చూసుకునేదాన్ని. నిజంగా, స్నానం చేసేటప్పుడు, క్లాసులో బెంచి కింద, నా కాళ్ళు నేనే చూసుకునేదాన్ని. ఇంట్లో నా వల్ల ఏమేమి చెడినాయో ఏరుకునేదాన్ని. నేను పుట్టిన ఏడు మా బోరు ఎండిపోయిందంట. నేను స్కూల్లో చేరినప్పుడు మా అవ్వ పోయింది. వెతికితే ఎవురికైనా దొరుకుతాయి అట్లాంటివి, కానీ వెతికేటప్పుడు ఆ బుద్ధి ఉండదు.

ఆఖరి మ్యాచ్ మా గ్రౌండులోనే. కాళాస్తి టీమ్ వస్తా ఉండింది. వాళ్ళూ మా మాదిరే అంతంతమాత్రం. ఎవురినైనా గెలవాలంటే వాళ్ళనే గెలవాల. ఆ పొద్దున నేను చేతులు కడుక్కుంటా ఉంటే అక్క నా పక్కకొచ్చి నిలబడింది. నాలుగు దినాలుగా అక్క మొగం పీక్కుపోయి ఉండింది.

"సాయంత్రం ముందే వచ్చి గోడమీద కూచో మే. ఎవురొచ్చినా రాకపోయినా నువ్వుంటావు కదా" అనింది.

నేను "ఊ" అన్నాను. ఏమని చెప్పేది? ఫలం పోతాదే!

నాలుగింటికి విజిల్ ఊదినారు. మా మెస్ గోడకు అవతలే గ్రౌండు. మేము ముగ్గురం మెస్‌లో కిటికీలు మూసుకోని కూచున్నాము. కాళాస్తివాళ్ళు రెండు బస్సులు నింపుకోని వచ్చినారు. వాళ్ళ అరుపులకు మెస్‌లో పల్లేలు అదిరినాయి. వాళ్ళు అరిస్తే వాళ్ళకు పాయింటు. సద్దు లేకుండా బాల్ నేలకు పడి, విజిల్ వినపడి, పీడీ మేడం ఒక్కతే చప్పట్లు కొడితే మాకు పాయింటు. మేము వేళ్ళమీద లెక్కబెట్టుకున్నాము. పోటాపోటీగా నడిచింది. గూడూరు పిల్ల నోట్లో చున్నీ కుక్కుకునింది. వంటామె వచ్చి "మీ వల్లకాడు, మీరిట్ల ఈడ కూచునేదేంది, ఆడికి పోకూడదా?" అనింది. డ్రైవర్ మామ ఆమె మీద గలాటాకు పోయినాడు.

ఆఖర్లో విజిల్ ఊదినారు. కాళాస్తివాళ్ళు ఎవురో ఫౌల్ చేసినట్టుండారు. "ఒక్క పాయింటే, ఒక్క పాయింటే" అని వాళ్ళ పిల్లోళ్ళు అరుస్తా ఉండారు. మాకు అర్థమయ్యింది. మేము ఒక్క పాయింటు వెనక ఉండాము. అక్కకు రెండు ఫ్రీ త్రోలు. పొద్దున పూట పదికి తొమ్మిది వేసే మనిషి. ఒకటి పడితే సమానం, రెండూ పడితే గెలుపు, మూడో సంవత్సరం, అన్నీ. నేను లేచి నిలబడినాను. తలుపుదాకా పోయినాను. గడియ మీద చెయ్యి కూడా వేసినాను. డ్రైవర్ మామ "పాపా" అన్నాడు, అంతే. నేను చెయ్యి తీసేసినాను.

రింగు ఇనుము మీద బాల్ తగిలిన సద్దు వినపడింది. వాళ్ళు అరిచినారు. ఇంకోసారి అదే సద్దు. ఈసారి అరుపులు ఆగలేదు, విజిల్ కూడా ఆ అరుపుల్లో కలిసిపోయింది.

నేను పరిగెత్తుకోని పోయేసరికి గ్రౌండులో కాళాస్తివాళ్ళు ఎగురుతా ఉండారు. మావాళ్ళు బెంచి దగ్గర. అక్క మాత్రం ఆ ఫ్రీ త్రో గీత మీదే చతికిలబడి ఉండింది. నన్ను చూసి ఏడవలేదు, తిట్టలేదు.

"యాడ పోయినావు?" అనింది. "మొదటిది వేసే ముందు గోడకల్లా చూసినా. రెండోది వేసే ముందు కూడా చూసినా. ఎవురూ లేరు. ఈ పిల్ల కూడా మనల్ని ఇంగ వదిలేసిందిలే అనుకున్నా."

వదిలేసింది అనే మాట నేను తట్టుకోలేకపోయినాను. దానికంటే చెంపమీద కొట్టినా బాగుండు. ఏడ్చుకుంటా అంతా చెప్పేసినాను. చిత్తూరు దోవలో టీ అంగడి కాడినుంచి చెప్పినాను. గూడూరు పిల్ల ఆగిపోయింది, తొమ్మిదికి తగ్గింది. మామ ఆగిపోయినాడు, మూడుకు తగ్గింది. నేను ఆగిపోయినాను, ఒకటికి తగ్గింది. నిన్ను వదల్లేదక్కా, నీకోసమే రాలేదక్కా, మా కాలు బాగలేదని తప్పుకున్నామక్కా. నా మీద మాట పోవాలని, నేను ద్రోహిని కాదని తెలియాలని ఒకటే ఇదిగా వాగినాను.

అక్క అంతా వినింది.

"అయితే అందరూ తప్పుకున్నా ఓడినాము కదా" అనింది మెల్లిగా. "తొమ్మిది ఆటల్లోనూ ఉండింది ఎవురు మే? నేనే కదా."

"అయ్యో, అట్ల కాదక్కా" అన్నాను. ఎట్లనో మాత్రం నాకు నోట్లోకి రాలేదు. మా లెక్క అంత గట్టిగా కట్టుకున్నాము మరి. పీడీ మేడం వచ్చి అక్కను లేపుకోని పోయింది.

పరీక్షలు అయినాక అక్క పెట్టె సర్దుకునింది. ప్రిన్సిపాల్ మేడం మాట మీద నిలబడింది. నగరి బస్సెక్కించేదానికి మేము ముగ్గురమూ పోయినాము. డ్రైవర్ మామ పెట్టె మోసినాడు. ఎవురమూ ఆ కాలు మాట ఎత్తలేదు. ఎత్తి, అదంతా ఉత్త పిచ్చి, తిక్కలోళ్ళం మేము, నువ్వు బాగా ఆడినావు కాబట్టే తేడా తగ్గిందని ఒక్కరన్నా చెప్పి ఉండాల్సింది. నాకే ఆ సంగతి బుర్రకెక్కేదానికి ఇంకో సంవత్సరం పట్టింది. అప్పటికి ఫోన్లో చెప్పినాను. "అవునా, సరేలే మే" అని నవ్వేసింది.

పోయిన ఏడు వాళ్ళింట్లో కొత్త మగ్గం దించినారు. పడుగు నూలు ఎక్కించే పూజకు నన్ను రమ్మని అక్కే పిలిచింది. రేణిగుంటలో గోడౌన్ ఆఫీసులో నేను చేసేది ఉద్యోగం, సెలవు పెట్టి పోయినాను. ఇంటినిండా జనం. టెంకాయ కొట్టే టైముకు చూస్తే అక్క లేదు. వెతుక్కుంటా బయటికి వస్తే వీధి చివర, అంగడి చూరు కింద నిలబడి ఉండింది.

"రాక్కా, మొదలుపెడతా ఉండారు" అన్నాను.

"మీరు కానీండి మే. మూరెడు బట్ట నేసినాక వస్తా" అనింది. నవ్వుతానే అనింది.

నేను తిరిగి లోపలికి వచ్చినాను. వాళ్ళమ్మ నా చేతికి పసుపు పల్లెం ఇచ్చి, వీధికల్లా చూసి నిట్టూర్చింది.

"మంచి పని మొదలుపెట్టేటప్పుడు అది ఇంట్లో ఉండదు పాపా. వాళ్ళక్క సీమంతానికీ అంతే, బయటే నిలబడింది. తన కాలు మంచిది కాదంటాది. మేము ఎవురమూ అట్లాంటి మాట అనలేదు. కాలేజీలో ఎవురు నూరిపోసినారో దానికి. నువ్వు ఆడే ఉంటివి కదా, నీకేమన్నా తెలుసునా?"

మగ్గం ఆడను మొదలుపెట్టింది. ఆ సద్దులో ఆయమ్మకు వినపడాలని రవ్వంత గట్టిగానే చెప్పినాను.

"తెలీదమ్మా" అన్నాను.